తిట్టి పెట్టిన తిండి

మొగుడు పోయాక పిన్నికి ఇంట్లో అన్నీ ఉన్నాయి, తిట్టడానికి మనిషే లేడు. వీధి మొత్తానికీ ఆవిడ పిన్నే. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "ఏదో ఒక వ్యాపకం పెట్టుకో పిన్నీ" అని సలహా పడేసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు దర్జీ ఇంకో అడుగు ముందుకేసి జంతువుల షెల్టరు వాళ్ళనే వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్ళ ఏర్పాటు ఇదీ. దిక్కులేని కుక్కనో పిల్లినో తెచ్చి మనింట్లో దింపుతారు. తిండి, మందు, షికారు, పెంట ఎత్తడం అన్నీ మన నెత్తినే. అది కోలుకుని, మనుషుల్లో పడి, చూడముచ్చటగా తయారయ్యాక ఇంకెవరో వచ్చి పట్టుకుపోతారు. అప్పుడు మనం నవ్వుతూ సాగనంపాలి.

"మరీ ముద్దు చెయ్యకండి పిన్నిగారూ," అని షెల్టరు మేనేజరమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. "మీకు అలవాటు పడితే కొత్తింట్లో ఇమడదు."

"ముద్దు చెయ్యడం నాకెప్పుడూ చేతకాలేదులే అమ్మా," అంది పిన్ని.

అలా వచ్చింది ఆ కుక్క. ముసలిది, ఒక చెవి సగమే ఉంది, నడక మాత్రం రిటైరైన జడ్జీది. దర్జీ చూసి 'దొరగారు' అని పేరు పెట్టాడు. దొరగారు వస్తూనే గోడవైపు తిరిగి కూర్చున్నారు. గిన్నె ముట్టలేదు. మేనేజరమ్మ చెప్పిన ప్రకారం పిన్ని ముద్దు చెయ్యలేదు. గిన్నె ఠపీమని ముందు పెట్టి, ఇన్నేళ్ళూ భోజనాల వేళ మొగుడితో అన్న మాటే అంది.

"తినవయ్యా మహానుభావా! తిని నన్ను ఉద్ధరించు. ఎన్నిసార్లు వెచ్చబెట్టి చావను?"

కుక్క తల తిప్పి చూసింది. లేచి వచ్చి గిన్నె నాకేసింది.

ఇంకేం, ఆవిడ నోటికి మళ్ళీ పని దొరికింది. మాత్ర మింగించేటప్పుడు ఒక తిట్టు, షికారుకు తెమలకపోతే ఒక తిట్టు. కింద దర్జీ మిషను ఆపి, "బాబాయి తిరిగొచ్చాడేమో అనుకున్నా పిన్నీ," అన్నాడు. ఆవిడ విననట్టు తలుపేసుకుంది.

దొరగారి బొచ్చు మెరిసింది. షెల్టరు వాళ్ళు ఫొటో పెట్టగానే ఒక జంట వచ్చింది. ఆయన పళ్ళ డాక్టరు. ఆయన భార్య ఆఫీసులకు వెళ్ళి, ఎదుటివాళ్ళను కసురుకోకుండా మాట్లాడటం ఎలాగో ఉద్యోగులకు పాఠాలు చెబుతుంది. పిన్ని నవ్వుతూనే సాగనంపింది. నవ్వమన్నారు కదా మరి.

కొద్దిరోజులకే మేనేజరమ్మ ఫోను. "కుక్క ఏమీ తినడం లేదట పిన్నిగారూ, వెనక్కి పంపేస్తామంటున్నారు. అసలే ముసలిది. తిరిగొచ్చిందంటే ఇంకెవరూ తీసుకోరు. పోయేదాకా బోనులోనే."

"నాకిచ్చెయ్యండి. నేనే ఉంచుకుంటాను."

"మీ ఇంటి ఓనరు ఒకసారికి ఒక్కదానికే ఒప్పుకున్నాడు. మీరు దీన్ని ఉంచేసుకుంటే తరవాతిదాన్ని ఎవరు సాకుతారు? కాలు విరిగిన పిల్లి ఒకటి ఇక్కడ ఎదురుచూస్తోంది."

పిన్ని ఫోను పెట్టేసింది. చీర మార్చుకుని పళ్ళ డాక్టరు ఇంటికి బయల్దేరింది.

ఆ ఇంట్లోనూ దొరగారు గోడవైపే తిరిగి కూర్చున్నారు. పక్కటెముకలు పైకి తేలాయి. పాఠాలావిడ మోకాళ్ళ మీద కూర్చుని, "నీ బాధ మాకు అర్థమవుతోంది నాన్నా. నీకెప్పుడు తినాలనిపిస్తే అప్పుడే తిను," అని బుజ్జగిస్తోంది.

పిన్నికి చప్పున వెలిగింది. ముద్దు చెయ్యొద్దంటే చెయ్యలేదు, సరే. తిట్టు పడందే ముద్ద దిగని అలవాటు చేసి పంపింది. తను ఒక్క కేక వేస్తే ఇప్పుడే తింటుంది. తను వెళ్ళిపోయాక? కుక్క పిన్నిని చూసి తోక ఊపబోయింది. పిన్ని కష్టం మీద మొహం తిప్పుకుంది.

"తిట్టండమ్మా."

"ఎవర్నండీ?"

"దాన్నే. తిట్టకపోతే తినదు. నేనే చెడగొట్టాను."

పాఠాలావిడ గొంతు సవరించుకుంది. "చూడండి దొరగారూ, మీ ప్రవర్తన నన్ను కాస్త నొప్పిస్తోంది."

కుక్క ఆవులించింది.

"అదొక తిట్టా తల్లీ? సన్మానంలా ఉంది!"

అంతలో పళ్ళ డాక్టరు వచ్చాడు. బురద బూట్లతో తుడిచిన గచ్చు మీద తాపీగా నడిచి, "ఇంకా అవలేదా వంట?" అన్నాడు.

పాఠాలన్నీ ఒక్కసారిగా మంటగలిశాయి. "కళ్ళు కనబడటం లేదా? ఇప్పుడే తుడిచి చచ్చాను! వేళకి రారు, వస్తే కంచం దగ్గరికి రారు, మీకు రోజూ మేళతాళాలతో పిలుపులు కావాలి!"

గోడవైపునుంచి కరకర నమిలే చప్పుడు. దొరగారు గిన్నెలో తల దూర్చారు.

డాక్టరు కుక్కనూ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "దీనికిది రోజూ కావాలా?" అన్నాడు బిక్కమొహం వేసి.

"రెండు పూటలా," అంది పిన్ని.

గుమ్మం దిగుతుంటే వెనకనుంచి, "నీళ్ళు ఒలకబోస్తే ఊరుకోను, చెబుతున్నా!" అని వినిపించింది. మొగుడినో, కుక్కనో. తోక నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. పిన్ని ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దున వండింది పొద్దున వండినట్టే ఉంది. కంచం పెట్టుకుంది. ముద్ద కలిపింది గానీ దిగలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

"తినవమ్మా మహాతల్లీ," అంది చివరికి, పైకే. "తిని నన్ను ఉద్ధరించు. రేపు పిల్లి వస్తోంది."

కింద కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆవిడ పట్టించుకోకుండా ఇంకో ముద్ద కలిపింది.