గంగమణి చేనులో లేని బాట

ప్రేమ్‌చంద్ డిగ్రీ రెండో ఏడులో చదువు మానేసి, ఆర్మూరులో పసుపు మిల్లులో చేరాడు. కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర మూడేళ్లు నిలబడ్డాడు. తుమ్మితే పసుపు, స్నానం చేస్తే పసుపు. అలాంటివాడికి 2008లో, ఫోన్లలో దారి చూపే మ్యాపులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చింది. కంపెనీ ఇచ్చిన చిన్న యంత్రాన్ని జేబులో పెట్టుకుని ప్రతి రోడ్డు మీదా బైకు నడపాలి. అతను వెళ్లిన జాడే రేపు ఫోన్లో రోడ్డవుతుంది.

ఇందల్వాయి నుంచి పోచంపాడ్ దాకా ఒక్క సందు వదల్లేదు. తనను పేరు పెట్టి పిలవడానికి కూడా ఓపిక లేని ఊళ్లు, రేపు తాను గీసిన గీత పట్టుకుని నడుస్తాయి. ఆ ఊహ అతనికి కసిగా, హాయిగా ఉండేది.

మార్చిలో బాల్కొండ దగ్గర తన సొంత ఊరి రోడ్డుకు వచ్చాడు. అర కిలోమీటరు మేర ఉడికించిన పసుపు ఎండబోసి ఉంది. ఎండే పసుపు మీద చక్రం ఎక్కించేవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. పాపం సంగతి అటుంచి, కొమ్ము విరిగితే ధర పోతుందని మిల్లులో పనిచేసినవాడికి ఇంకొకరు చెప్పాలా? పక్కనే గంగమణి చేను, పసుపు తవ్వేశాక, నడుమ ఉడికించే పొయ్యి తప్ప బోసిగా పడి ఉంది. అందరిలాగే అతనూ బైకును చేనులోకి దింపి, అవతల రోడ్డెక్కాడు. యంత్రం ఆపాలని తోచనే లేదు.

వానాకాలం నడిమికి, గంగమణి చేనులో మొక్కజొన్న ఏపుగా ఉన్నప్పుడు, ఆ మ్యాపు ఫోన్లలోకి వచ్చింది. ఒక రోజు కలుపు తీసి వచ్చిన తల్లి రత్నవ్వ అన్నం పెడుతూ నవ్వింది.

"గంగమణక్క చేండ్లకు కార్లొస్తున్నయ్‌రా. ఇయ్యాల నాగపూర్ బండి మక్కల నడుమ దిగవడ్డది. గా డ్రైవరు ఫోన్ సూపెట్టి, గిండ్ల రోడ్డున్నది అంటడు. నీ ఫోన్ల రోడ్డుంటే ఫోన్లనే తోలుకో, నా మక్కలేం జేసినయ్‌రా అని అక్క కొడవలి వట్టింది."

మార్చిలో తాను ఆ చేనులోకి బైకు దింపడం ప్రేమ్‌చంద్‌కు గుర్తొచ్చింది.

"గది నవ్వులాటే. అంజన్న పటేల్‌తోనే ఫికర్," అంది రత్నవ్వ.

గంగమణి చేనుకు వెనక చేను అంజన్నది. బండి పోయే బాట ఇమ్మని పదేళ్లుగా అడుగుతున్నాడు, ఆమె ఇవ్వనంటోంది. ఇప్పుడు అతనికి ఫోను సాక్షి దొరికింది. ఆ గీత తాతలనాటి బండ్లబాటేనని, తన చేనుకు పోయేది దాని మీదుగానేనని గ్రామాభివృద్ధి కమిటీలో పెట్టాడు. ఆదివారం తీర్పు. కమిటీ ఔనంటే చేను రెండు ముక్కలవుతుంది.

ప్రేమ్‌చంద్ ఆ రోజే హైదరాబాదులోని సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. "గా రోడ్డు తప్పు పడ్డది సార్. తీసెయ్యుండ్రి."

"మెషిన్ తప్పు చెప్పదు. నువ్వు రోడ్డు మీద పోలేదంటే చెప్పు. అప్పుడు నీ సర్వే మొత్తం డౌటే. నౌకరీ కావాల్నా వద్దా, సోంచాయించుకో."

ఆలోచించడానికి ఆదివారం దాకా సమయం ఉంది. అతనికి అంత అవసరం పడలేదు.

కమిటీ హాల్లో అంజన్న ఫోను ఎత్తి అందరికీ చూపించి, వేలు ఆకాశం వైపు పెట్టాడు. "మనిషి అబద్ధమాడుతడు. మొగులు మీదికెళ్లి సూసేది ఆడుతదా?"

కమిటీ పెద్ద ఎర్రన్న కళ్లద్దాలు సర్దుకుని గీతను చూస్తున్నాడు. గంగమణి గోడకు ఆనుకుని నిలబడింది.

"మొగులు మీదికెళ్లి ఎవ్వలు సూడలే పటేలా," అన్నాడు గుమ్మంలోంచి ప్రేమ్‌చంద్. "నేనే బండి మీద పోయిన."

"ఏమ్రా రత్నవ్వ కొడుకా, మిల్లు దుమ్ము మెదడుకెక్కిందా? రోడ్డు నువ్వేసినవా?"

హాలంతా నవ్వింది.

"ఏసిన. తప్పేసిన." ప్రేమ్‌చంద్ లోపలికి వచ్చి ఫోను మీద వేలు పెట్టాడు. "నడుమ గీ వంకర సూడుండ్రి. సాఫ్ చేండ్ల తాతలనాటి బాట ఎందుకు వంకర వోతది? మార్చిల గీడ గంగమణవ్వ పసుపు ఉడకవెట్టే కడాయి ఉండె. పొయ్యి సుట్టు తిరిగి పోయిన."

పొయ్యి ఎక్కడ పెట్టారో ఊరందరికీ తెలుసు. సగం మంది అక్కడ ఉడికించడానికి వెళ్లినవాళ్లే. ఎర్రన్న ఫోను అంజన్నకు తిరిగిచ్చాడు.

"మీ తాత గీ యేటి పొయ్యి సుట్టు బండి తోలిండా అంజన్నా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. బాట లేదని తేలిపోయింది.

బయట గంగమణి ప్రేమ్‌చంద్ దారికి అడ్డం వచ్చింది. "నాలుగు కార్లు తొక్కినంక నోరు లేసిందారా నీకు?"

జవాబు కోసం ఆగకుండా ఆమె చేను వైపు వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లి కంపెనీకి ఉత్తరం రాశాడు. గంగమణి చేను ఒక్కటే కాదు. ఆ నెలలో రోడ్డు మీద పసుపు ఎండుతుంటే ఎక్కడెక్కడ చేలోకి దిగాడో గుర్తు తెచ్చుకుని, ఊరి పేర్లతో సహా రాశాడు. పదకొండు వచ్చాయి.

నాలుగో రోజు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "ఒక్కటి చెప్పి ఊకుంటే ఎట్లనో కాపాడుతుంటి. పదకొండు ఎందుకు రాసినవయా?"

"పదకొండు చేండ్లున్నయ్ సార్."

"అయితే నీ నౌకరీ అయిపోయింది. మెషిన్ తెచ్చి అప్పజెప్పు."

"అప్పజెప్త. గా పదకొండు రోడ్లు మల్ల తిరిగినంక. గీతలు మీకే పంపుత. ఎక్కించుకుంటరో లేదో మీ ఇష్టం, మల్ల మల్ల అడుగుత మాత్రం."

"వారం టైమిస్తున్న," అని అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ప్రేమ్‌చంద్ తన డబ్బుతో ట్యాంకు నింపించుకుని, మొదట గంగమణి చేను పక్క రోడ్డుకే వెళ్లాడు. వాన వెలిసింది, రోడ్డు ఖాళీగా ఉంది. యంత్రం నొక్కి, రోడ్డుకు సరిగ్గా నడిమధ్యన, నింపాదిగా బండి పోనిచ్చాడు.