పడేవాడి బొమ్మ

నా చిన్నప్పుడు, ఆసుపత్రి వార్డంతా కడుపు పట్టుకుని నవ్విన ఒక బొమ్మను చూసి నేను బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. అది డెబ్బైల్లో ఇంగ్లండువాళ్ళు తీసిన టీవీ హాస్య సీరియల్. దాని పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు. అందులో ఒక అమాయకుడు ఏ పని మొదలుపెట్టినా ఏదో ఒకటి కూలగొడతాడు, ఎక్కడో ఒకచోట పడతాడు. అందుకని రోగులు దాన్ని పడేవాడి బొమ్మ అనేవారు.

పోయిన నెల మా చెల్లెలి కూతురు గుంటూరు నుంచి వచ్చింది. మాటల్లో ఆ సీరియల్ సంగతి వస్తే, నేను చెప్పిన నాలుగు గుర్తులు పట్టుకుని ఫోన్‌లో వెతికి, దొరికిందంటూ టీవీలో పెట్టింది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూశాను. నిచ్చెన ఘట్టం వచ్చేసరికి ఆ పిల్ల సోఫాలో పొర్లి పొర్లి నవ్వింది. నేను రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాను. "ఏంటి పెద్దమ్మా, అలా అయిపోయావు?" అంది. అప్పుడు దానికి చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

మాది పొదిలి దగ్గర ఒక పల్లె. మా నాన్న పొగాకు బ్యారన్‌లో పనిచేసేవాడు. బ్యారన్ అంటే పచ్చి ఆకును వేడికి మగ్గబెట్టి ఆరబెట్టే ఎత్తయిన గది. నేల మీద పొయ్యి వేడిని తిప్పే ఇనుప గొట్టాలుంటాయి. వాటి పైనుంచి కప్పుదాకా వరసలు వరసలుగా అడ్డవాసాలుంటాయి. ఆకు కట్టిన కర్రలను కింద నుంచి ఒకరికొకరు అందిస్తుంటే, రెండు వాసాల మీద చెరో కాలు వేసి నిలబడి, అన్నిటికన్నా పై వరసలో పేర్చడం మా నాన్న పని. అంత ఎత్తున నిలబడి కూడా ఆయన గుడిలో, అంటే మా చర్చిలో, పాడే పాటలు పాడుకునేవాడు.

అప్పుడు నాకు పదేళ్ళు. ఒక మధ్యాహ్నం నాన్నకు అన్నం క్యారేజీ తీసుకువెళ్ళాను. ఎండలోంచి లోపలికి వెళ్ళేసరికి నాకు ఏమీ కనిపించలేదు. తల పైకెత్తి "నాన్నా" అని గట్టిగా పిలిచాను. పైన ఏదో కదిలింది. ఆ తర్వాత నాన్న నా ముందు గొట్టాల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అరవలేదు. నా వైపే చూస్తున్నాడు.

ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి ఆయన్ని మిషన్ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. వెన్నెముక విరిగింది, ఇక నడుం కింద చలనం రాదన్నారు. అందరూ కాలు జారి పడ్డాడనే అనుకున్నారు. నేను పిలిచానన్న సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బడి మానేసి మంచం పక్కనే ఉండేదాన్ని. నీళ్ళు తాగుతావా, దుప్పటి కప్పనా అని అడిగేదాన్ని గానీ, నాన్నా అనే మాట మాత్రం నోటి నుంచి వచ్చేది కాదు. అది నోట్లోంచి వస్తే ఇంకేదో జరుగుతుందని భయం.

ఆ ఆసుపత్రిలో ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్ద నర్సమ్మ ఉండేది. సెలవుకు వాళ్ళ ఊరు వెళ్ళి వస్తూ వీడియో క్యాసెట్లు తెచ్చింది. శనివారం సాయంత్రాలు వార్డు మధ్యలో బల్ల వేయించి, టీవీ పెట్టించి, ఈ సీరియల్ చూపించేది. మాటలు అర్థం కావాల్సిన పని లేదు. అతను తలుపు తీస్తే తలుపు ఊడి వస్తుంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరుగుతుంది. కాళ్ళకు కట్లున్నవాళ్ళు, కాళ్ళే లేనివాళ్ళు మంచాల మీద నుంచి చూసి నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు.

రెండో శనివారం ఆ నిచ్చెన ఘట్టం వచ్చింది. అతను నిచ్చెనెక్కి ఇంటి కప్పు బాగుచేస్తుంటాడు. భార్య టీ కప్పుతో బయటికి వచ్చి కింద నుంచి పిలుస్తుంది. అతను సంతోషంగా ఆమె వైపు తిరుగుతాడు. నిచ్చెన పక్కకు జారిపోతుంది. వార్డు దద్దరిల్లేలా నవ్వారు. నేను వరండా దాటి గోడ దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాను.

మర్నాడు ఆదివారం. అమ్మ గుడికి వెళ్ళింది. నాన్న నన్ను మంచం మీద కూర్చోమన్నాడు.

"నేనెందుకు పడ్డానో నీకు తెలుసా?" అన్నాడు.

నేను దుప్పటి కొస మడతపెడుతూ కూర్చున్నాను.

"ఆ పైవాసం పుచ్చిపోయింది. పొద్దున ఎక్కినప్పుడే కిర్రుమంది. మార్పిద్దాంలే అని ఊరుకున్నా. మధ్యాహ్నానికి పుటుక్కున విరిగింది."

"నేను పిలిచాను కదా" అన్నాను.

"పిలిచావా? ఎప్పుడు?" నాన్న నిజంగానే ఆశ్చర్యపోయినట్టు నన్ను చూశాడు. "నాకు వినపడలేదే. కింద వాళ్ళ కేకల్లో అంత పైకి ఏం వినపడుద్ది?"

అప్పుడు ఆయన పొట్ట మీద తల పెట్టి ఏడ్చాను. నాన్నా, నాన్నా అని ఎన్నిసార్లన్నానో. ఆయన నా తల నిమురుతూ ఉండిపోయాడు.

నేను ఆ మాట నాలోనే ఉంచుకుని ఉంటే బాగుండేది. కానీ పదేళ్ళ పిల్లకు అది మోయలేనంత సంతోషం. అమ్మకు చెప్పాను. పక్క మంచాలవాళ్ళకు చెప్పాను. ఊరికి వెళ్ళినప్పుడు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. బ్యారన్‌లో వాసం పుచ్చిపోయి విరిగిందని ఊరంతా పాకింది. వారం తిరక్కుండా బ్యారన్ ఆసామి ఆసుపత్రికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు ట్రాక్టరు పంపింది ఆయనే.

"ఏరా, నా వాసం పుచ్చిందని చెబుతున్నావంట?"

నాన్న ఆయన వైపు చూసి, మంచం పట్టె పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు.

"పుచ్చిందయ్యా. విరిగింది."

"దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పు."

నాన్న పూట పూటకూ ప్రార్థన చేసుకునే మనిషి. కుడిచెయ్యి పైకెత్తాడు. "ప్రభువు తోడు. విరిగిందయ్యా."

ఆసామి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ ఏడు ఆయన బ్యారన్ ఎక్కడానికి కూలీలు భయపడ్డారు. అక్కడ ఆకు కట్టే అమ్మ పని పోయింది. చుట్టుపక్కల బ్యారన్లవాళ్ళు కూడా అమ్మను రానివ్వలేదు. దూరపు పొలాల్లో మిరపకాయ కోతలకు తెల్లారకముందే నడిచి పోయేది. "ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే నీ సొమ్మేం పోద్ది?" అని నాన్నను బతిమాలేది, తిట్టేది. ఆయన కళ్ళు మూసుకునేవాడు.

తొమ్మిదేళ్ళు మంచంలోనే ఉన్నాడు. వీపంతా పుండ్లు పడ్డాయి. నేను నర్సింగు శిక్షణలో ఉండగా పోయాడు. జ్ఞాపకార్థ కూడిక నాడు, నాన్నతో పనిచేసిన ఒకాయన పందిట్లో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నన్ను ఓదార్చాలనే ఆయన ఉద్దేశం.

"మీ నాన్నకి నువ్వంటే ప్రాణమమ్మా. ఆ రోజు నీ గొంతు వినపడంగానే, 'మా అమ్మాయొచ్చింది' అని నాతో చెప్పి మరీ వంగి చూశాడు."

వాసం సంగతి అడిగాను.

"వాసం విరగలేదు. మర్నాడు నేనే దాని మీద నిలబడి మిగతా ఆకు పేర్చా. మీ నాన్న ఎందుకలా అన్నాడో మాకెవరికీ అర్థం కాలేదు."

ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. గిన్నెలు కడుగుతున్నదల్లా ఆగిపోయింది. "నాకైనా చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టానే" అంది. అమ్మకు చెబితే ఏదో ఒకరోజు, ఏదో ఒక కోపంలో అది నా చెవిన పడుతుందని నాన్నకు తెలుసు. అందుకే ఆమె ప్రేమనూ వదులుకున్నాడు.

ఆసామి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలని చాలాసార్లు బయలుదేరాను. సగం దారిలోనే తిరిగి వచ్చేశాను. ఆయన ఆ మచ్చతోనే పోయాడు. నాన్న చేసిన పనిలో ఆయనకు జరిగిన అన్యాయం నా వంతుకే మిగిలింది. దాన్ని నేను దిద్దలేదు.

ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికే చాలాసార్లు ఆలస్యమైపోయేది. వెంట వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే, ఇంకాస్త ముందు తెచ్చుంటే బతికేవాళ్ళా అని. ఒకసారి పత్తి చేలో పాము కరిచిన కూతుర్ని తీసుకుని ఒక తల్లి వచ్చింది. ముందు మంత్రం వేయించి, అది పనిచేయక మా దగ్గరికి తెచ్చింది. పిల్ల దక్కలేదు. గంట ముందు తెచ్చుంటే దక్కేదే. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని అడిగింది. "లేదమ్మా. ఎప్పుడు తెచ్చినా ఇంతే. నువ్వు చేయగలిగిందేమీ లేదు" అన్నాను. ఆమె నమ్మడానికి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అంతసేపూ నేను ముఖం తిప్పుకోలేదు.