జుబేదా కట్టని రాక్షసి వేషం

మా చిన్నప్పుడు... తాండూరు ధాన్యం గంజ్ వెనక డేరా సినిమా పడింది. నేను, పక్కింటి జుబేదా, వాళ్ళ నాన్న ఖాదర్ చాచా నేల మీద కూర్చున్నాం. తెర మీద నల్లటి మనుషులు మెడలో ఎముకలు వేసుకుని, ఈటెలు పట్టుకుని గంతులేస్తున్నారు. జనం తెరను వదిలి మా వైపు తిరిగారు.

"చాచా, మీ చుట్టాలు వచ్చిండ్రే" అన్నారెవరో. డేరా అంతా నవ్వింది.

నేనూ నవ్వాను... ఇన్నేళ్ళయినా ఆ మాట దాచను.

ఖాదర్ చాచా తాత ఆఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. చాచా నిజాం గుర్రాల ఫౌజులో పనిచేశాడు. పోలీసు చర్య తర్వాత ఆ ఫౌజు పోయింది. తాండూరు వచ్చి స్టేషన్ దగ్గర జట్కా తోలుకున్నాడు. మాతో తెలుగు, కన్నడ సీమ సేట్లతో కన్నడం, ఇంట్లో ఉర్దూ. వాళ్ళింట్లోనూ మాలాగే జొన్నరొట్టెలు, మట్టి గురిగిలో పచ్చిపులుసు...

మా బడిలో ఏటా నాటకం వేసేవారు. ఏటా రాక్షసి వేషం జుబేదాదే. ఈ పిల్లకు రంగు పూసే పని లేదని సార్ నవ్వేవారు. డేరా సినిమా పడిన ఆ ఏడు నాకు రాజకుమారి వేషం. జుబేదా రిహార్సళ్ళకు వచ్చింది, చెప్పినట్టే అరిచింది. ఎవరికీ ఏమీ అనుమానం రాలేదు.

నాటకం రోజు ఊరంతా వచ్చింది. జుబేదా కొమ్ములు లేకుండా, వేలాడే ఎర్ర అట్ట నాలుక లేకుండా, మామూలు లంగా జాకెట్టుతో మా స్టేజీ అయిన బండల అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"నేను రాక్షసిని కాదు" అంది. "మావోళ్ళల్ల ఫౌజుల చేసినోళ్ళున్నరు. బ్యాండు కొట్టినోళ్ళున్నరు. మా దాదీ మంత్రసాని, మీ ఇండ్లల్ల ఎంతమందికి పురుడు వోసిందో మీ అమ్మలను అడుగుండ్రి. గా కథలు ఎన్నడన్న ఆడిండ్రా?"

సార్ తెర లాగమన్నారు. తెర తాడు నా పక్కనే ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను... సార్ గుంజినా వదల్లేదు.

కింద ఒక ముసలామె లేచి, తన ఇద్దరు కొడుకులకూ జుబేదా నాయనమ్మే, ఆ దాదీయే పురుడు పోసిందని గట్టిగా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ ఖాదర్ చాచా తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

మరునాడు మా ఇద్దరినీ తరగతి బయట ఎండలో నిలబెట్టారు. క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు. ఆ తర్వాత మాకు ఏ వేషమూ ఇవ్వలేదు... పోనిమ్మనుకున్నాం.

జుబేదా తర్వాత వికారాబాద్‌లో నర్సయింది. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఈ మధ్య మా ఇంటికి వచ్చినప్పుడు మా మనవరాలు టీవీలో విదేశీ సీరియళ్ళు పెడితే ఇద్దరం కలిసి చూశాం. నల్లవాళ్ళు జడ్జీలు, తగువులాడే అక్కాచెల్లెళ్ళు, ప్రేమలో పడ్డ ముసలివాళ్ళు... జుబేదా చాలాసేపు చూసి, "గిప్పటికి జర మనుషుల లెక్క కనవడుతున్నం" అంది.

మన సీరియళ్ళలో మాత్రం నల్లపిల్ల ఇంకా పనిమనిషే... లేకపోతే పెళ్ళి కాక దిగులుపడే పిల్ల. అలాంటిది రాగానే నేను టీవీ కట్టేస్తాను. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా సరే.

మీ బడి నాటకాల్లో నల్లగా ఉన్న పిల్లలకు ఏ వేషాలు ఇచ్చేవారు? "కట్టను" అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ కథ ఇక్కడ రాయండి... ఇన్నాళ్ళూ ఎవరూ ఆడని కథలవి.