చీమకుర్తిలో చెప్పుల బోర్డు

ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. అందుకే ఈ ఉద్యోగం నాకు సరిపోయింది. గుంటూరులోని ఒక చిన్న కంపెనీ తరఫున ఊరూరా తిరిగి నెట్‌వర్క్ స్విచ్‌లు బిగించి వస్తుంటాను. స్విచ్ అంటే గోడ మీద లైటు వేసే మీట కాదు. ఆఫీసులోని కంప్యూటర్లు, కెమెరాలు, వేలిముద్రల మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే వాటి వైర్లన్నీ వచ్చి చేరే ఇనుప పెట్టె. దాన్ని ర్యాక్ అనే నిలువు ఇనుప చట్రంలో మరలతో బిగిస్తారు.

ఈసారి పిలుపు చీమకుర్తి నుంచి వచ్చింది. ఒక గ్రానైట్ కోత యూనిట్‌లో పాత స్విచ్ కాలిపోయింది, కొత్తది పెట్టి సాయంత్రానికల్లా అన్నీ నడిపించాలన్నారు. నాకూ అదే కావాలి. పరాయి ఊరి లాడ్జిలో నాకు నిద్ర పట్టదు. ఇంట్లో మాత్రం ఏమంత పడుతుందిలెండి.

ఉదయం ఆరింటికి గుంటూరు బస్టాండులో ఉన్నాను. ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఆరున్నరకి. ఆ అరగంటలో మూడు బెంచీలు మారాను, రెండు టీలు తాగాను, మొదటి టీ అసలు బాగాలేదు. బస్సు రాగానే కండక్టరు స్విచ్ పెట్టెను డిక్కీలో పడేయమన్నాడు. పడేసేది కాదన్నాను.

"ఏముందమ్మా అందులో, బంగారమా?"

"కాదండీ, నా ఉద్యోగం."

"అయితే ఒళ్ళో పెట్టుకో. సీటు మీద పెట్టావంటే దానికీ టికెట్టు కొడతా."

ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇలాంటి సామానుతో ప్రయాణం చేసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: డిక్కీ నమ్మకండి, వెనక సీట్లు అసలు నమ్మకండి. ముందు చక్రం దాటాక రెండో వరుసలో కూర్చుంటే కుదుపు తక్కువ. డ్రైవరు ఎవరైనా సరే, గుంతలు మాత్రం తప్పవు.

యడ్లపాడు దాటేదాకా రోడ్డుకి రెండు వైపులా కల్లాలే, నేల కనపడకుండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నా పక్కన కూర్చున్న రైతు మిర్చి యార్డులో మచ్చు చూపించి తిరిగి వెళ్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గరున్న సంచి మూతి ఊడింది. ముందు నేను తుమ్మాను, తర్వాత డ్రైవరు తుమ్మాడు, ఆ తర్వాత బస్సంతా దగ్గు అందుకుంది.

"ఒరేయ్, ఆ సంచి మూతి కట్టరా బాబూ, చస్తున్నాం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆ మాత్రం ఘాటు లేకపోతే కొనేవాడు మొహం కూడా చూడడండీ," అన్నాడు ఆయన నాతో, తాపీగా మూతి బిగిస్తూ. ఆ తాపీ చూస్తే నాకు ఒళ్ళు మండింది, కొంచెం అసూయ కూడా కలిగింది.

చిలకలూరిపేటలో పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ, కారప్పొడి, పైన నెయ్యి. ప్లేటు చేత్తో పట్టుకుని బస్సు చుట్టూ తిరుగుతూ తిన్నాను. ఆ తర్వాత మిరప తగ్గి పత్తి వచ్చింది. చేలు ఏరడం అయిపోయింది, ఎండిన మోళ్ళకి అక్కడక్కడా తెల్లటి పోగులు మిగిలాయి. తొమ్మిదిన్నరకి ఒంగోలు. చీమకుర్తి బస్సు వెంటనే దొరికింది కానీ కదలడమే గగనమైంది. ముందు బండరాళ్ళు మోసుకెళ్ళే లారీలు, వెనకా అవే. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ ఒడిశా కుర్రాళ్ళు ముగ్గురు ఏదో పాట పాడుకుంటూ ఉన్నారు. వాళ్ళకి తొందరేమీ లేదు. నాకు ఉంది. పదకొండు కావస్తుండగా యూనిట్ గేటు ముందు దిగాను.

పెద్ద రేకుల షెడ్డు. లోపల కోత మిషన్లు బండని పలకలుగా కోస్తున్నాయి, రంపం మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి, నేలంతా బూడిదరంగు బురద. ఆఫీసు పక్కగా ఉంది. మేనేజరు వెంకట్రావు గారు నల్ల బూట్లు మెరిపించుకుని ఎదురొచ్చారు. కంప్యూటర్ గది తలుపు మీద తెల్ల పెయింటుతో రాసిన బోర్డు: చెప్పులు బయట విడువవలెను.

"లోపల లక్ష్మీదేవి పటం ఉందండీ. పైగా దుమ్ము. మీరూ నేనూ సరే, ఆఫీసర్లం," అన్నారాయన బూట్లతోనే లోపలికి నడుస్తూ. నా సేఫ్టీ బూట్లు నేనెలాగూ విప్పను.

గదిలో వాళ్ళ సొంత రాయే పరిచారు. నల్లటి నేల, అద్దంలా ఉంది, అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచారు. కంప్యూటర్ ఆపరేటర్ గౌసియా వట్టికాళ్ళతో నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. చీమకుర్తి పిల్లే. వెంకట్రావు గారు ర్యాక్‌కి కరెంటు ఆపమనగానే ఆ అమ్మాయి బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని, దూరంగా నిలబడి, స్కేలు కొసతో ర్యాక్ కింది అరలో ఉన్న బ్యాటరీ బాక్స్ మీట నొక్కింది.

"స్కేలు ఎందుకమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి కంటే ముందు ఆయనే నవ్వారు. "భయమండీ. ముట్టుకుంటే కరెంటు కొడుతుందంటుంది. ఓనరు గారు పట్టుకున్నారు, నేను పట్టుకున్నాను, మాకెవరికీ కొట్టలేదు. ఒక్క ఈవిడకే కొడుతుందట! స్కేలు పట్టుకుని తిరిగేవాళ్ళతో ఆఫీసు నడవదు కదా. సోమవారం నుంచి వేరే ఆయన్ని రమ్మన్నాం."

గౌసియా తల ఎత్తలేదు. "నిజంగా కొడుతుంది మేడమ్," అంది. "పొద్దున తుడిచాక మరీ ఎక్కువ."

"నీళ్ళు పెట్టి తుడిస్తే రాయి కొడుతుందా?" అన్నారాయన.

బ్యాటరీ బాక్స్ మళ్ళీ ఆన్ చేయించి ర్యాక్ మీద చెయ్యి వేశాను. ఏమీ లేదు. ఒక క్షణం మేనేజరు మాటే సబబనిపించింది. తిరుగు బస్సు గుర్తొచ్చేసరికి ఇంకా సబబనిపించింది. అంతలో నా చూపు కిందికి పోయింది. నా బూట్లకి వేలెడు మందం రబ్బరు. ఆయన బూట్లకీ రబ్బరే. ఆ గదిలో నేల తాకి నిలబడేది ఒక్క గౌసియానే.

మీటరు తీశాను. ఒక వైరు ర్యాక్ ఇనుముకి, ఇంకో వైరు కిటికీలోంచి బయటికి తీసి, తడి మట్టిలో దిగేసిన మేకుకి తగిలించాను. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. మీటరు వంద వోల్టులు దాటి చూపించింది.

"మీటర్లదేముందండీ, ఏదో ఒకటి చూపిస్తాయి," అన్నారు వెంకట్రావు గారు.

"సరేనండీ. బూట్లు, సాక్సులు విప్పి ర్యాక్ పట్టుకోండి."

ఆయన వంగి లేసు కొస పట్టుకున్నారు. అలాగే ఆగిపోయారు. నేను పట్టుకోనిచ్చేదాన్ని కాదులెండి, కానీ ఆ సంగతి ఆయనకి తెలియదు. లేసు వదిలేసి, "కోటయ్యని పిలవండి," అన్నారు బయటికి చూస్తూ. గౌసియా ఆయన చేతినే చూస్తూ ఉంది.

కోటయ్య ఆ యూనిట్ ఎలక్ట్రీషియన్. ర్యాక్ నుంచి బయల్దేరిన ఆకుపచ్చ ఎర్త్ వైరు వెంట ఇద్దరం నడిచాం. ఎక్కడైనా లీకైన కరెంటుని మనిషి మీదికి రాకుండా భూమిలోకి దించేది ఆ వైరే. గోడ వెంబడి పోయి, షెడ్డులో కోత మిషన్ల వైర్లతో కలిసి, వెనక దొడ్లో బోరు దగ్గర తేలింది. బోరు గొట్టానికి నాలుగు చుట్లు చుట్టి, పైన గట్టిగా ముడేసి ఉంది. కట్టినవాడు ఎంతో శ్రద్ధగా కట్టాడు. గొట్టం మాత్రం ప్లాస్టిక్‌ది.

"ఇదేంటి కోటయ్యగారూ?"

ఆయన వంగి గొట్టాన్ని గోటితో గీకి చూశాడు. "పాత బోరు ఇనప గొట్టమండీ. అప్పట్లో ఎర్త్ దానికే కట్టాం. నీళ్ళు అడుగంటాయని పక్కన కొత్త బోరేసి ప్లాస్టిక్ దించారు. పాత గొట్టం పీకినోళ్ళు వైరు విప్పి, ఉండాల్సిందేమో అని దీనికి కట్టేశారు. నేను చూసినప్పుడల్లా కట్టే ఉంది కదా అనుకున్నా."

ఈ మెరక నేలల్లో ఏటా బోర్లు ఎండుతాయి, ఏటా కొత్తవి వేస్తారు. ఇలాంటి ముడులు ఇంకెన్ని దొడ్లలో ఉన్నాయో. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. కోత మిషన్లూ ర్యాకూ ఒకే వైరు మీద ఉన్నాయి, ఆ వైరు భూమికి చేరడం లేదు. రేపు మిషన్‌లో ఏ తీగ తెగి ఇనుముకి తగిలినా, ఆ కరెంటు మొత్తం నేరుగా ఈ గదిలోకి వస్తుంది, తడి నేల మీద వట్టికాళ్ళతో నిలబడ్డ మనిషి దగ్గరికి. అప్పుడు చెక్క స్కేలు ఎన్నాళ్ళు కాపాడుతుంది?

వెంకట్రావు గారికి చెప్పాను. ఆయన విన్నారు, వాచీ చూసుకున్నారు. "ముందు స్విచ్ బిగించి ఆన్ చేసేయండి మేడమ్. తూకం కంప్యూటరు నడవక లారీలు ఆగిపోయాయి. ఎర్త్ సంగతి రేపు చూసుకుంటాం. మీకూ బస్సుంది కదా."

ఉంది. నా కాళ్ళు అప్పటికే గేటు వైపు తిరిగి ఉన్నాయి కూడా. స్విచ్ బిగించడం గంట పని. సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతే నన్ను అడిగేవాళ్ళు లేరు. తలుపు దగ్గర గౌసియా చేతిలో ఇంకా ఆ స్కేలు ఉంది. నాకు చాలా కోపం వచ్చింది, ఆయన మీదా, తిరిగి ఉన్న నా కాళ్ళ మీదా.

"ఎర్త్ పడేదాకా నేను ఆన్ చేయనండి. కోత మిషన్లు కూడా ఆపండి."

ఆయన ఓనరుకి ఫోన్ చేశారు. గట్టిగా మాట్లాడారు, తర్వాత మెల్లగా మాట్లాడారు, తర్వాత వినడమే అయింది. మిషన్లు ఆగాయి. అంతసేపూ ఆ చప్పుడులో అరుచుకుంటున్నామని అప్పుడు తెలిసింది.

కొత్త ఎర్త్‌కి లోతైన గుంట కావాలి. క్వారీ ఊరు కాబట్టి తవ్వే మిషన్‌కి కొదవలేదు. ఉప్పు బస్తా కిరాణా కొట్టు నుంచి, బొగ్గు ఉలులకి పదును పెట్టే కొలిమి నుంచి వచ్చాయి. గుంటలో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేసి, నీళ్ళు పోస్తూ పూడ్చాలి. నేను చేయాల్సిందేమీ లేదు, చూడాల్సిందే. నాకు అన్నిటికంటే కష్టమైన పని అది. గుంట చుట్టూ తిరుగుతుంటే గౌసియా క్యారేజీ తీసుకొచ్చింది.

"కూర్చోండి మేడమ్. మీరు తిరిగితే గుంట తొందరగా పడదు." బెండకాయ పులుసు, గోంగూర పచ్చడి. ఇద్దరం పలకల కుప్ప నీడలో తిన్నాం.

"ఇంట్లో చెప్పావా, కరెంటు సంగతి?" అని అడిగాను.

"చెబితే ఉద్యోగం మానెయ్యమంటారు మేడమ్. ఇక్కడ చెబితే పిచ్చిదాన్నంటారు. కొన్నాళ్ళకి నాకే అనుమానమొచ్చింది, అందరికీ లేనిది నాకే ఉందా అని." అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అరచేతిలోకి చూసుకుంది.

మూడింటికి నా ఎర్త్ టెస్టర్ సరైన అంకె చూపించింది. అప్పుడు మొదలుపెట్టాను. బ్యాటరీ బాక్స్ ఆపాను, మెయిన్ కూడా ఆపాను, తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఏసీ నీరు కారే గొట్టం ర్యాక్ నెత్తినే ఉంది, కోటయ్య చేత దాన్ని పక్కకి మళ్ళించాను. గాలి ఆడేలా గోడకీ ర్యాక్‌కీ మధ్య మనిషి పట్టేంత సందు వదిలాం. పాత స్విచ్ తీసి, కొత్తదానికి రెండు పక్కలా చెవుల్లాంటి ఇనప పట్టీలు బిగించి, ఆయన కింద నుంచి ఎత్తిపట్టుకుంటే నేను నాలుగు మరలూ బిగించాను. ఒక్కరే ఎత్తి, ఒక్కరే బిగించాలని చూడకండి, కాలి వేళ్ళు పోతాయి. ఎర్త్ వైరు అన్నిటికంటే ముందు, కరెంటు అన్నిటికంటే చివర.

మీట నొక్కడానికి గౌసియాని పిలిచాను, చెప్పులు వేసుకుని రమ్మన్నాను. గుమ్మం దగ్గర ఆగి మేనేజరు వైపు చూసింది. ఆయన లక్ష్మీదేవి పటం గోడ మీంచి తీసి, కళ్ళకద్దుకుని తన గదిలోకి తీసుకెళ్ళారు. గౌసియా చెప్పులతో లోపలికి వచ్చింది, అలవాటుగా స్కేలు కోసం బల్ల తడిమింది, ఆగింది. వేలితో నొక్కింది. స్విచ్ మీద ఆకుపచ్చ దీపాలు వరసగా వెలిగాయి. ఇంకో చెయ్యి ర్యాక్ మీద ఆనించి అలాగే ఉంచేసింది. నేను సామాను సర్దుకుని సంచి భుజాన వేసుకునేదాకా తీయలేదు.

ఐదున్నరకి ఒంగోలులో గుంటూరు బస్సు. ఒళ్ళో పెట్టె లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్క సీట్లో ఒక ముసలమ్మ చేలల్లో మిగిలిన పత్తి ఏరుకుని ఇంటికి పోతోంది, పమిట నిండా పోగులు. మద్దిపాడు దాటాక ఫోన్ మోగింది. గౌసియా.

"మేడమ్, సోమవారం నేనే వస్తున్నాను. సార్ ఆయన్ని రావొద్దని చెప్పేశారు. మీకో ఫోటో పంపాను, చూడండి."

చూశాను. అదే తలుపు. పాత అక్షరాల మీద సున్నం కొట్టి, ఇంకా ఆరని పెయింటుతో ముత్యాల్లాంటి రాత.

"ఏముందమ్మాయ్ అందులో? అట్టా నవ్వుకుంటన్నావు," అంది ముసలమ్మ.

చదివి వినిపించాను. "చెప్పులు లేకుండా లోపలికి రారాదు."

ముసలమ్మ సీటు కిందికి జరిగిపోయిన తన చెప్పుల్ని కాలితో వెతికి, దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటే తొడుక్కుంది.