వస్త అనకూడని గేటు

డ్యూటీకి బయలుదేరుతూ నేను "పోతున్న" అన్నానంటే మా అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొస్తుంది. "ఏం మాటలవి? పోయొస్త అను," అని మళ్ళీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి గానీ పంపదు. మా ఊరు కమఠాణలో బీదర్ బస్సు నాకు అలా ఎన్నిసార్లు తప్పిపోయిందో. తప్పు నాదేలెండి. పగలంతా జైల్లో వార్డరుగా పనిచేసి నా నాలుక తిరగబడింది.

జైల్లో అంతా ఉల్టా. విడుదలైనవాళ్ళు గేటు దాటేటప్పుడు "వస్త" అనకూడదు, అంటే మళ్ళీ లోపలికే వస్తారట. "పోతున్న" అనే అనాలి. కన్నడంలో "బర్తీని" అన్నా, దక్కనీలో "ఆతూఁ" అన్నా అదే తంటా. మా దగ్గర ఏ భాష మనిషైనా వెళ్తూ వెళ్తూ వస్తాననే చెప్తాడు మరి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. కానీ ఆడవాళ్ళ బ్యారక్‌లో మా పెద్ద వార్డరమ్మ రూలుకంటే గట్టిగా పాటిస్తుంది. నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవని అందరికీ చెప్తుంటాను. చెప్తూనే పాటిస్తుంటాను.

ఆ ఏడాది నిర్ణా వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులు ఊరుకోవు, నోరు అసలే ఊరుకోదు. నల్లా దగ్గర తోడికోడలితో బిందెలతో కొట్లాడి వచ్చింది. పది రోజులకు జామీను దొరికింది. గేటు దగ్గర అందరికీ నవ్వుతూ "వస్త అక్కా" అని చెప్పింది. పెద్ద వార్డరమ్మ నెత్తి కొట్టుకుంది. నెల తిరక్కముందే ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి అదే తోడికోడలి నెత్తిన రొట్టెలు కాల్చే పెంకతో కొట్టింది. ఐదు కుట్లు పడ్డాయి.

"చూసినవా, నీ నోరు చేసిన పని," అన్నాను.

"నోరు గాదక్కా, చెయ్యి," అంది.

అలా నవ్వించేది గానీ లోపల ఒకటే బాధ. ఆమెకు ఆరేళ్ళ కూతురు. మొగుడు లారీ మీద పోతే వారాలకు గానీ రాడు. పిల్ల ఎవరి దగ్గరుంది? ఆ తోడికోడలి దగ్గరే. "నెత్తి పగలగొట్టించుకున్న మనిషి నా బిడ్డకు బువ్వ పెడ్తదా అక్కా?" అని పొద్దున లెక్కకు నిలబడ్డప్పుడు అడిగేది, అన్నం దగ్గర అడిగేది. నాకు మాత్రం ఏం తెలుసు? "పెడ్తదిలే," అని కసురుకునేదాన్ని.

రెండు వారాలకు తోడికోడలు ములాఖత్‌కు వచ్చింది. నెత్తికి కట్టు, చేతిలో పిల్ల చెయ్యి. పిల్లకు నూనె రాసి దువ్విన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఇనప జాలీకి ఇటొకరు అటొకరు నిలబడి ఆడవాళ్ళిద్దరూ పిల్లనే చూస్తున్నారు. పిల్లే చెప్పింది, "పెద్దమ్మ దినాం జడలేస్తది" అని.

"నీ బిడ్డ నెత్తిల పేన్లు తీసుడే నాకు పని అయింది," అంది తోడికోడలు, గోడ వైపు చూస్తూ.

ఆ తర్వాత రెండు రోజులు మా నిర్ణా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మా చెవులు తెరిపిన పడ్డాయి గానీ నాకు భయం కూడా వేసింది. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, ఆ పోతున్న అనుడు నాకు నేర్పు. ఇంకొకసారి ఇటొస్తే నా బిడ్డ నన్ను గుర్తు పట్టదు," అంది.

నేర్పడం మొదలుపెట్టాను. వస్తేనా! "పో" దాకా వచ్చి ఆగిపోయేది. "మా ఊర్ల పోయిండు అంటే పాడె కడ్తరక్కా," అనేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ పోతున్న, బట్టలు పిండుతూ పోతున్న. బ్యారకంతా నవ్వులు. నవ్వినవాళ్ళే మళ్ళీ దిద్దేవాళ్ళు.

జామీను వచ్చిన సాయంత్రం గేటు దగ్గర అందరం ఊపిరి బిగపట్టాం. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, "పోతున్న అక్కా," అంది. ఒక్క తప్పు లేదు. ఆ సంతోషంలో నేను, "మంచిది తల్లీ, పోయిరా," అన్నాను.

నా ఇంటి నాలుక అది. ఎక్కడ రావాలో తెలియక అక్కడొచ్చి పడింది. "ఏన్ మాడ్దె నీను?" అని, ఎంత పని చేశావన్నట్టు పెద్ద వార్డరమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. నిర్ణా ఆమె మొహంలో రక్తం లేదు. ఏదో ఒకటి చెప్పి నేను సర్దేలోపే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నమ్మకాలు లేని నేను ఆరు నెలలు నిమ్మళంగా లేను. పోలీసులు కొత్త మనిషిని తెచ్చిన ప్రతిసారీ ముందు మొహం చూసేదాన్ని. ఒక ఆదివారం గేటు దగ్గరి కానిస్టేబులు కబురు పెట్టాడు, "నీ నిర్ణా ఆమె మళ్ళీ వచ్చింది" అని. నన్ను నేను తిట్టుకుంటూ, ఆమెను అంతకంటే ఎక్కువ తిట్టుకుంటూ వెళ్ళి చిన్న తలుపు తీశాను.

పోలీసులు లేరు. ఆమె, తోడికోడలు, మధ్యలో రెండు జడల పిల్ల.

"నువ్వే రమ్మంటివి గదక్కా. వచ్చిన," అంది.

ఏడుపొచ్చింది నాకు. కోపమూ వచ్చింది. "గిట్ల భయపెడ్తవా?" అని గట్టిగానే అరిచాను. తోడికోడలు రొట్టెల మూట విప్పింది. "తిను అక్కా. రాజీ పడ్డంక కోర్టు మా పెంక వాపసిచ్చింది. దాని మీద రొట్టె మంచిగ కాలుతది," అంది, నెత్తి మీది కుట్ల మచ్చ తడుముకుంటూ.

మూట తీసుకోకూడదని రూలు. ఒక ముక్క తుంచుకుని అక్కడే నిలబడి తిన్నాను. నిజంగానే బాగా కాలింది.

బస్సు టైమయింది. "పోతున్న అక్కా," అంది ఆమె, కళ్ళు తెరుచుకునే, నీళ్ళు తాగినంత సులువుగా. నేను పెదవులు బిగించి తలూపాను. పాపం తోడికోడలికి ఈ సంగతులేం తెలుసు? మర్యాదగా చేతులు జోడించి, "వస్త..." అనబోయింది. ఆమె చటుక్కున తోడికోడలి నోరు మూసింది.

పెంక ఎత్తిన చెయ్యే అది. తోడికోడలు దాన్ని తోసెయ్యలేదు. ఆ అరచేతి వెనకే నవ్వుతోంది.