రెండు వేళ్ళ అంచు

పన్నెండేళ్ళుగా ఒక కాగితపు ముక్క మోస్తున్నాను. తూస్తే ఈకంత ఉండదు. దించుకోవడమే చేతకాలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా తాతలు సముద్రం దాటి వలసొచ్చిన ఈ ఊళ్ళో, చౌక్తడా పేట కోర్టుల వెనక వీధిలో నాది చట్టాల పని. వకీలుని కాను లెండి, పటాలకి బిగించే చట్టాలు. ఒకరోజు, మా తెలుగు గుడికొచ్చే సూరమ్మత్త చట్టం కట్టమని ఒక పాత పటం తెచ్చింది. పెద్ద తలపాగా, బుర్రమీసాలు. ఎప్పుడో ఐరోపాలో అచ్చయిన టర్కీ సుల్తాను బొమ్మ. ఇక్కడి సేక్కాన్ రేవులో మూటలు మోసిన వాళ్ళ తాతకి ఎవరో ఓడ మనిషి ఇచ్చాడట.

తయారుగా ఉన్న చట్టానికి కాగితం రెండు వేళ్ళు ఎక్కువైంది. కింది అంచులో పెన్సిలు గీతలు. ఇక్కడే పుట్టినవాణ్ణి, తెలుగు మాట్లాడతాను గాని అప్పటికి చదవడం రాదు. మరక అనుకున్నానా? లేదు. రాతేనని తెలుసు. అయినా కోశాను. కొత్త చట్టం చెయ్యడానికి బద్ధకం, అంతే.

పటం తీసుకోవడానికి వచ్చిన అత్త చాలాసేపు చూసింది.

“కింద మా తాత రాసిన మాటేదిరా బాబూ?”

“రాతేటత్తా? నువ్వు తెచ్చినప్పుడే ఇలగుంది.”

“నేదా? సిన్నప్పుడు ఏలెట్టి సదివీదాన్నే...” అని నవ్వేసింది. “సర్లే. సుల్తానుకి తలపాగా మిగిలింది, నాకు తలే మిగల్నేదు.”

ఆ నవ్వు దగ్గరే ఒప్పేసుకోవాల్సింది. అప్పటికి ముక్క ఇంకా చెత్తబుట్టలోనే ఉంది. పని రానివాడంటుందనా, అబద్ధాలకోరంటుందనా? రెండూ నిజమే అయినప్పుడు దేనికి భయపడ్డాను? ఆవిడ వెళ్ళాక తీసి దాచాను.

అప్పట్నించి అత్త తన మాట తానే నమ్మడం మానేసింది. గుడిలో పిల్లలకి తాత కథ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. “ఏటో, నాకు గుర్తున్నవన్నీ నిజాలు కావర్రా.” పక్కనే నేను ప్రసాదం తింటూ ఉండేవాణ్ణి.

ఆ ముక్క చదవడానికే అక్షరాలు నేర్చుకున్నాను. గుడి బడిలో, ఏడేళ్ళ పిల్లల పక్కన, బల్ల కింద మోకాళ్ళు పట్టక. ఇలా ఉంది: “టర్కీ రాజట. నాకు మల్లే తలపాగా సుట్నాడు.”

అచ్చు కోసం ఇలాంటి బొమ్మలు రేకుల మీద చెక్కినవాళ్ళు చాలామంది సుల్తాన్ని చూడనే లేదని, ఒకరిది చూసి ఇంకొకరు దించేవారని పాతపుస్తకాల కొట్టాయన చెప్పాడు. అంటే ఆ ముఖం ఊహ. ఆ కాగితం మీద తన కంటికి కనపడింది రాసినవాడు తాత ఒక్కడే. నేను కోసింది దాన్నే.

పోయిన వానాకాలంలో అత్త పోయింది. ముక్క కూతురికిద్దామని రెండుసార్లు వాళ్ళ మెట్లెక్కాను. తలుపు కొట్టకుండానే దిగి వచ్చేశాను.

క్షమాపణ అడగను. ఇవ్వాల్సిన మనిషి లేదు. నేర్చుకున్న అక్షరాలతో ఇంత మాత్రం రాస్తున్నాను. అత్తా, రాత ఉండేది. నీకు బాగానే గుర్తుంది. కోసింది నేను.