ఎడమ వెనక తలుపు

మొన్న మంగళవారం పొద్దున ఆరింటికి ఎప్పటిలాగే కారు తీసుకెళ్లి కుట్టు టీచరమ్మ ఇంటి ముందు ఆపాను. దిగి ఎడమ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. మంగళ, గురు, శనివారాల్లో ఆమెను ఏన్కూరు నుంచి ఖమ్మం దవాఖానాకు డయాలసిస్‌కు తీసుకెళ్లడం రెండేళ్లుగా నా పని. నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే "ఏంది పిల్లా, పెండ్లికి తయారైనవా?" అని గదమాయించే మనిషి ఆ రోజు బయటికే రాలేదు. ఆమె అన్న కూతురు వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "అత్తమ్మ లేదక్కా. తెల్లారేసరికి పోయింది" అంది. నేను తలుపు మూయలేదు, చాలాసేపు అలాగే తెరిచి ఉంచాను.

ఆ రోజంతా వచ్చినవాళ్ల నోట ఒకటే మాట. పాపం, పెళ్లీ పెటాకులూ లేని మనిషి. పాపం, కిడ్నీలు చెడి ఎంత నరకం చూసిందో. వింటుంటే నాకు ఒళ్లు మండింది. అడవి ఊళ్ల ఆడపిల్లలు చదువుకునే హాస్టల్లో బతుకంతా కుట్టు నేర్పిన మనిషి ఆమె. ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు, ఒకరి మాటకు తల వంచింది లేదు. ఆమెను పాపమనడానికి వీళ్లెవరు? ఆమె ఎలాంటిదో నేను చెబుతాను, వినండి.

నేను కిరాయికి కారు నడుపుతాను. ఆ కారు మా ఆయన కొత్తగా కొనుక్కున్నది. కొన్నాళ్లకే షుగర్ వల్ల చూపు తగ్గి ఆయన స్టీరింగ్ వదిలేయాల్సి వచ్చింది. అవతలి వీధిలో ఉండే మా బావగారు, అంటే మా ఆయన అన్న, మధిరలో కొనేవాళ్లను కూడా చూసి పెట్టారు. "ఆడమనిషి బండి నడుపుడేంది? ఎవరెక్కుతరు?" అన్నారు. ఎక్కింది టీచరమ్మ. "నేనెక్కుత. నువ్వు ఏడనన్న గుద్దినా ఎట్లాగూ దవాఖానకే పోతున్నం గద" అని నవ్వింది. నా బండికి మొదటి బేరం ఆమే.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో ఆ ఎడమ వెనక తలుపు మొండికేసింది. బటన్ నొక్కితే మిగతా మూడు తలుపుల లాకులూ టక్కున వదిలేవి. ఇది మాత్రం లోపల గుర్రుమని మూలిగి ఊరుకునేది. ఒక శనివారం దవాఖానా గేటు ముందు, టీచరమ్మ కారు లోపల ఉండగానే, అసలే రాలేదు. బయటి పిడి లాగాను, రాలేదు. ఆమె లోపలి పిడి లాగింది, రాలేదు. ఆటోవాళ్లంతా చుట్టూ మూగారు. ఒకతను కిటికీలోకి రెండు చేతులూ పెట్టి, "అమ్మా, ఇట్లనే బయటికి గుంజుతం" అన్నాడు.

"నేనేమన్న బియ్యం బస్తాననుకున్నవా? జరుగు" అంది టీచరమ్మ. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని పైకెత్తి పట్టుకుని, సీటు మీద కొంచెం కొంచెంగా జరుగుతూ కుడి తలుపులోంచి దిగింది. కుచ్చిళ్లు సర్దుకుని నా వైపు చూసింది. "మొఖం గట్ల పెట్టకు. ఖరాబైంది తలుపు, మనం కాదు."

ఖమ్మంలో ఒక మెకానిక్ బండిని వారం రోజులు వదిలి వెళ్లమన్నాడు. వారమంటే ఆమెకు మూడు డయాలసిస్‌లు. ఈ సంగతి తెలిసి బావగారు ఇంటికొచ్చారు. "తలుపు రాని బండి ఎవడెక్కుతడు? ఇగ చాలు. వచ్చే ఆదివారం మధిరాయనను తీస్కొస్త, తాళాలు రెడీగ పెట్టు" అన్నారు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. కారు పోతే నేనేం చేయాలి? మళ్లీ మిరప తోటల్లో కూలికి పోవాలి. టీచరమ్మ దగ్గరికెళ్లి భోరున ఏడ్చాను.

ఆమె ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుని, "అయిందా? ఆదివారానికి ఆ తలుపు నడవాలె, గంతే. లాకు కొనుక్కరా, మనమే మారుద్దాం" అంది.

"మీకొస్తదా టీచరమ్మా?"

"రాదు. మొదటిసారి కుట్టుమిషన్ విప్పినప్పుడు అదీ రాకపాయె. విప్పెటోళ్లకే కుట్టుడొస్తది పిల్లా."

మంగళవారం ఆమె డయాలసిస్‌లో ఉండగా స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి లాకు అడిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "మెకానిక్ ఏడమ్మా?" అన్నాడు. "బయట బండి కాడ ఉన్నడు" అని అబద్ధమాడాను. తిరిగొచ్చేటప్పుడు ఆ మాట చెబితే టీచరమ్మ కిటికీలోంచి అటూ ఇటూ చూసింది. "ఏడే ఆ మెకానిక్? నాక్కూడ చూపెట్టు" అంది. తలుపుకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బుధవారం మా రేకుల షెడ్డు కింద పని మొదలుపెట్టాం. తలుపును గుద్దితే ఒక్కోసారి లాకు వదిలేది. ఐదో గుద్దుకు వదిలింది. "పనయ్యేదాక దీన్ని మూసినవో, నీ వీపు పగుల్తది" అంది టీచరమ్మ. ముందు బ్యాటరీ వైరు తీయించింది. తర్వాత కింద పాత దుప్పటి పరిపించి, కుట్టు సుద్దతో దాని మీద తలుపు బొమ్మ గీసింది. ఏ మర ఎక్కడి నుంచి ఊడితే బొమ్మలో సరిగ్గా అక్కడే పెట్టాలి. జాకెట్టు ముక్కలు కత్తిరించి వరసగా పరుచుకునే పద్ధతే అది. ఎడమ చేతితో బరువు పట్టకూడదు కాబట్టి ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పింది, నేను చేశాను. స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి లోపలి అట్టను అంచుల వెంట పైకి లేపితే క్లిప్పులు పటపటా ఊడాయి. రెండు విరిగాయి. "కొత్త చేతికి సూదులిరగవా? కానియ్" అంది.

అట్ట వెనక, తలుపు నిండా ఒక ప్లాస్టిక్ కవరు అంటించి ఉంది. మా వైపు కొత్త బండి కొంటే సీట్ల మీది షోరూం కవర్లు పీలికలయ్యేదాకా తీయరు. మా ఆయన కూడా తీయలేదు. చీరకు చెమట పడుతోందని టీచరమ్మ వాటిని రోజూ తిట్టేది. ఇప్పుడు ఈ కవరు చూడగానే ఆమెకు రేగింది. "చూసినవా, ఈడ కూడ దాచిండు మీ ఆయన!" అని లేచొచ్చి, కుడి చేత్తో చర్రున చింపి, నీళ్లపొయ్యిలో వేయించింది. నేను కూడా పగలబడి నవ్వాను.

పాత లాకు తలుపు అంచుకు మూడు మరలతో బిగించి ఉంది. దాన్ని తీసి కొత్తది పెట్టి, వైరు గుచ్చి, బ్యాటరీ కలిపి బటన్ నొక్కాను. టక్! సంబరంతో తలుపు మూయబోయాను.

"ఆగవే! కాజా కుట్టినంక గుండీ పెట్టి చూడవా? తలుపు తెరిచే ఉంచి, ఆ లాకు కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తోని మూసి, పిడి గుంజి చూడు."

గుంజాను. కొక్కెం వదల్లేదు. బయటి పిడికి తగిలించాల్సిన సన్న కమ్మీ క్లిప్పులో పడనేలేదు. అప్పుడే మూసి ఉంటే మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. కమ్మీ తగిలించి మళ్లీ గుంజాను, వదిలింది. పదిసార్లు చేయించింది. పదిసార్లూ వదిలింది.

గురువారం తల్లాడ దగ్గర వాన అందుకుంది. కాసేపటికి వెనక నుంచి "పిల్లా, నా కాళ్ల కింద ఏరు పారుతుంది" అని వినబడింది. తలుపు అట్ట కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చీర అంచు తడిసిపోయింది. నేనే ఏదో పాడు చేశాననుకున్నాను. ఆమె వంగి ఆ అట్ట అంచును తడిమి చూసింది. "నిన్న నేను చింపింది షోరూం కవరు కాదే, వాన నీళ్లు ఆపే కవరు. తప్పు నాదే" అంది. ఒక్క సాకు చెప్పలేదు. పెద్దమనిషి అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. "కుట్టు తప్పు పడితే ఏం చేస్తం? విప్పుతం. ఏడ్వం" అంది మళ్లీ.

ఆ రోజే క్లిప్పుల కోసం దుకాణానికెళ్లాను. "మెకానిక్ ఏడి?" అన్నాడు షాపాయన.

"నేనే."

ఒక్క క్షణం చూశాడు. "అట్లయితే ఇంకో రెండు ఎక్కువ తీస్కపోమ్మా, ఇరుగుతయ్" అన్నాడు. గంతే. ఇంత చిన్న మాటకా నేను అంత భయపడింది!

శుక్రవారం మళ్లీ విప్పాం. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి కడిగి ఆరబెట్టాం. ఆమె పేపరు మీద తలుపు కొలత తీసి, జాకెట్టు కత్తిరించినట్టే సంచిని కత్తిరించింది. కమ్మీలకూ వైర్లకూ చోటు వదిలింది. మార్కర్‌తో ఒక మూల "ఎడమ, లోపలికి" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తలుపు మీద మిగిలిన నల్ల బంకకు దాన్ని అదిమి, అంచుల మీద వెడల్పు టేపు వేశాం. బకెట్లతో నీళ్లు కొట్టి చూశాం. ఒక్క చుక్క రాలేదు.

ఆదివారం బావగారు ఒక్కరే ముందొచ్చి, తలుపును నాలుగుసార్లు తెరిచి చూశారు. "ఎన్ని రోజులుంటదో చూద్దాం" అన్నారు.

"చూడు నాయనా, చూసుడుకు కిరాయి లేదు" అంది పక్కనే ఉన్న టీచరమ్మ. ఆయన తాళాలు అడగకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎప్పుడు మా కారెక్కినా ఆ తలుపును రెండు వేళ్లతో మెల్లగా వేసేవారు, ఊడి చేతికొస్తుందేమో అన్నట్టు.

ఆమె పోయిన మర్నాడు, మొన్న బుధవారం, ఆమెను వ్యాన్‌లో ఊరి చివరి సమాధుల తోటకు తీసుకెళ్లారు. వెనక నా కారు బయలుదేరుతుంటే బావగారు మోకాళ్లు పట్టుకుంటూ వచ్చారు. "నడవలేకపోతున్న. నన్ను ఎక్కించుకుంటవా అమ్మా?" అన్నారు. బటన్ నొక్కాను. ఆయన ఎడమ వెనక తలుపు తెరిచి, ఆమె కూర్చునే చోటే కూర్చున్నారు. "పాపం, ఎంత మంచి మనిషి" అంటూ తలుపును రెండు వేళ్లతో లాగారు. అది సగమే పడింది. నా ముందు, తలుపు పడలేదని చెప్పే ఎర్ర లైటు వెలిగింది.

ఆయన మోచేతికి ఆనుకున్న ఆ అట్ట వెనక, ఎవరికీ కనబడని చోట, ఆమె గుండ్రటి అక్షరాలున్నాయి. నేను వెనక్కి తిరిగాను.

"పాపమనకున్రి బావా. తలుపు గట్టిగ వెయ్యిన్రి. ఊడదు. అది టీచరమ్మా నేనూ కలిసి బిగించినం."

ఆయన నా మొహంలోకి చూశారు. తలుపు మళ్లీ తెరిచి, బలమంతా పెట్టి వేశారు. లైటు ఆరిపోయింది. నేను బటన్ నొక్కగానే నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి.